మా గల్లీ అంతటికీ నా ఫోన్ నెట్

ఈ రోజు తెలంగాణ బంద్. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాయి, నెట్ సెంటర్లు మూసేశారు. నా పీజీ ఎంట్రన్స్ దరఖాస్తుకు మాత్రం సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది.

ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, అన్నయ్య లాప్‌టాప్‌కు నెట్ కలిపాను. వివరాలన్నీ నింపాను. ఫొటో ఎక్కించే దగ్గర పేజీ ఇక కదల్లేదు. నాలుగున్నరకు అనుమానం వచ్చి చూస్తే, లాప్‌టాప్ కాక ఇంకో నాలుగు ఫోన్లు నా నెట్ వాడుకుంటున్నాయి. నేను పాస్‌వర్డ్ రాసి పెట్టుకున్న కాగితం బయట అరుగు మీద చేతులు మారుతోంది. పని లేక కూర్చున్న పక్కింటివాళ్లు ధర్నా వీడియోలు చూస్తున్నారు.

"అమ్మా, వాళ్లకెందుకిచ్చినవే?"

"అడిగిన్రు, ఇచ్చిన. మన బోరు నీళ్లు గల్లీ అంత పట్టుకపోతలేరా? నీళ్లకు లేని పిసినారితనం దీనికేందే?"

బయటికి వెళ్లి ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. లోపలే కూర్చుని పాస్‌వర్డ్ మార్చాను. ఐదుకు ఆరు నిమిషాల ముందు దరఖాస్తు వెళ్లింది.

ఊపిరి పీల్చుకునేలోపే పక్కింటి పెద్దమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నెట్ అస్తలేదు. ఏం ఖరాబైందో జర చూడరాదు!"

నేనే ఆపానని చెప్పాలనుకున్నాను. కానీ కొత్త పాస్‌వర్డ్ ఇంకో కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమెకు కనిపించాలని పెద్ద అక్షరాలతో రాశాను కూడా.

కాదనడం నేర్పే కోర్సు ఎక్కడైనా ఉంటే దయచేసి చెప్పండి. దానికీ దరఖాస్తు చేస్తాను.