హెర్నియా అని చెప్పలేదు

ముప్పై రెండేళ్ళ వయసులో, ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి వృషణంలో గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో శివాలయం అర్చకుడిని. ఆ చోటు గురించి ఎవరికి చెప్పను? మూడు నెలలు దాచాను. చివరికి నా భార్యే కనిపెట్టి, మరునాడే ప్రొద్దుటూరు తీసుకుపోయింది.

స్కానింగ్, రక్తపరీక్షలు చూసిన డాక్టరు నాన్చకుండా చెప్పారు. క్యాన్సరే అనిపిస్తోంది, ఆ వృషణాన్ని పూర్తిగా తీసేయాలి, తొందరగా వైద్యం చేయిస్తే ఎక్కువమందికి నయమవుతుంది అని. నేను నేల చూస్తూ కూర్చున్నాను. నా భార్య పిల్లల సంగతి అడిగింది. రెండోది బాగుంది కాబట్టి పుట్టవచ్చు, అయినా కీమో మొదలుపెట్టకముందే వీర్యం దాచిపెట్టుకోవడం మంచిదన్నారు.

కోత గజ్జల దగ్గర కాబట్టి ఊళ్ళో హెర్నియా ఆపరేషన్ అని చెప్పేద్దామన్నారు మా మామగారు. నేను ఒప్పుకోలేదు. దాచడం వల్లే కదా మూడు నెలలు పోయాయి. అడిగినవాళ్ళకల్లా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆపరేషన్ అయ్యాక తిరుపతిలో మూడు విడతలు కీమో. పిలకతో సహా జుట్టంతా రాలింది. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన మంత్రాలు కూడా గుర్తురాని రోజులున్నాయి.

తిరిగొచ్చిన వారానికి గుడి పెద్ద మా ఇంటికొచ్చాడు. ఊళ్ళో సగం పొలం ఆయనదే. నా మొహం చూడకుండా మొదలుపెట్టాడు.

"స్వామీ, అవయవం తక్కువైనోడు లింగాన్ని ముట్టుకోగూడదని జనం అనుకుంటాండారు. మీ తమ్మున్ని పెట్టుకుందాం."

"జనం అంటాండారా, మీరంటాండారా?"

ఆయన కండువా సర్దుకుని లేవబోయాడు. నేనే మళ్ళీ అందుకున్నాను.

"పోయినేడు మీకు గాల్‌బ్లాడర్ తీసేసినారు. మీరు గుడికి రావడం మానినారా? రేపు పొద్దున అభిషేకం నేనే చేస్తా. వద్దనేటోళ్ళను ఆడికే వచ్చి నా ఎదురుగా చెప్పమనండి."

మరునాడు బోడితలతోనే గుడి తలుపు తీశాను. నిండు బిందె ఎత్తలేక, సగం సగం నాలుగుసార్లు మోసుకొచ్చాను. పదిమంది వచ్చారు. ఇద్దరు మండపంలోనే ఆగిపోయారు గానీ, ఎవరూ నోరు తెరవలేదు.

రెండేళ్ళయింది. పరీక్షలన్నీ బాగానే వస్తున్నాయి. గుడి పెద్ద ఇప్పటికీ నా చేతి తీర్థం పుచ్చుకోడు, గడప అవతలే దండం పెట్టుకుని పోతాడు. ఆయన భార్య మాత్రం చెయ్యి చాపుతుంది.