‘ముందు’ ఫోటోలోని మనిషి

నాయన సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. గుత్తి రైల్వే డీజిల్ షెడ్డులో ఖలాసీ పని, ఇంజన్లు బాగుచేసేవాళ్ళకు సాయం. అప్పటికి నేను డిగ్రీ సగంలో ఉన్నాను, చెల్లెలు హైస్కూల్లో.

చీర కట్టుకుని పనిలోకి దిగిన మొదట్లోనే కొంగు ఒక బోల్టుకు తగులుకుని చిరిగింది. జడకు నూనె, మసి పట్టి, ఎన్ని కుంకుడుకాయలతో రుద్దినా ఆ వాసన పోయేది కాదు. ఒక ఆదివారం అద్దం ముందు నిలబడి జుట్టు చెవుల కిందికి కత్తిరించేసుకున్నాను. బజారుకు పోతే కనిపించిన ప్రతి మనిషీ ఒకటే అడిగేవాళ్ళు: "యా కొండకు మొక్కుకొనింటివి మా?"

తర్వాత టైలర్ దగ్గరికి పోయి నా కొలతకు రెండు జేబుల చొక్కాలు కుట్టమన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడోళ్ళకు జేబులెందుకు మా?"

"చేతులు ఖాళీగా ఉండేదానికి, అన్నా."

చిలకాకుపచ్చ ఒకటి, కనకాంబరం రంగు ఒకటి కుట్టించుకున్నాను. శెనక్కాయ పీకే కాలంలో మా పక్క చేలలో చూస్తే ఆడవాళ్ళందరూ చీరల మీద మొగుళ్ళ చొక్కాలు వేసుకుని ఉంటారు, ఎండ తగలకుండా. వాళ్ళను ఎవరూ వింతగా చూడరు. నాది మొగుడి చొక్కా కాదు, నా చొక్కా. వచ్చిన చిక్కంతా అదే.

కొన్నేళ్ళకు చెల్లెలు డిగ్రీలో చేరింది. ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక కార్యక్రమం వచ్చేది. ఎవరో ఒక మామూలు ఆడమనిషిని తెచ్చి, జుట్టు, బట్టలు, మొహం అన్నీ మార్చి, తెర తీసి చూపించేవాళ్ళు. మా రైల్వే క్వార్టర్సులో ఆ టైముకు ఏ ఇంటి టీవీలో చూసినా అదే. చెల్లెలు అన్నం కంచం పట్టుకుని కళ్ళార్పకుండా చూసేది. నేనూ చూసేదాన్ని, అబద్ధమెందుకు. పట్టుచీరలు, కళ్ళకు కాటుక నాకూ ఇష్టమే. కానీ ‘ముందు’ అని చూపించే ఫోటోలో ఆ మనిషి ఎప్పుడూ పనిలోంచి లేచి వచ్చినట్టే ఉండేది. చేతులకు పిండో, పేడో, సున్నమో. వెనకాల ఏడుపు సంగీతం. పని చేసే ఒళ్ళంటే అంత ఏడవాల్సిన సంగతా అని నాకు ఒళ్ళు మండేది. అమ్మ మాత్రం తెర తీసే సమయానికి లేచి వంటింట్లోకి పోయేది. ఎందుకో అప్పట్లో నేను అడగలేదు.

టీవీ వాళ్ళు అనంతపురం వస్తున్నారని ప్రకటన రాగానే చెల్లెలు వాళ్ళ నంబరుకు ఫోన్ చేసి నా సంగతి చెప్పింది. జుట్టు లేని అక్క, మగచొక్కాల అక్క, ఇంజన్ల దగ్గర పనిచేసే అక్క. వాళ్ళకు నచ్చకుండా ఎట్లా ఉంటుంది? వాళ్ళు ఒప్పుకున్నాక నాకు చెప్పి, కాళ్ళావేళ్ళా పడింది. "ఒక్కసారక్కా. నిన్ను టీవీలో సూడల్ల నేను." దాని మొహం చూసి సరేనన్నాను. కొత్త చీర కట్టుకుని టీవీలో కనిపిస్తే పోయేదేముందిలే అనుకున్నాను కూడా.

ముందుగా మా ఇంటికి వచ్చి ‘ముందు’ భాగం తీశారు. డ్యూటీ దిగి, చేతులు కడుక్కుని, ఉతికిన చిలకాకుపచ్చ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు.

"ఇలా కాదండీ. డ్యూటీలో వేసుకునే చొక్కా వేసుకోండి. బుగ్గల మీద కాస్త గ్రీజు రాసుకోండి."

"బుగ్గలకు గ్రీజు ఎప్పుడూ అంటుకోదు సార్."

"టీవీకి కావాలి కదమ్మా. నవ్వొద్దు. నేల చూస్తూ మెల్లగా నడవండి."

నేను నేల చూస్తూ నడిచే మనిషిని కాను. షెడ్డులో అట్లా నడిస్తే దేనికో ఒకదానికి తల కొట్టుకుంటుంది. అయినా చెల్లెలు చేతులు జోడించి నిలబడి ఉంది. మాసిన చొక్కా వేసుకుని, గ్రీజు రాసుకుని నడిచాను.

ఆ వారంలోనే అనంతపురంలో ఒక కల్యాణ మంటపంలో షూటింగు పెట్టారు. పొద్దుటి ప్యాసింజరుకు ముగ్గురం పోయాం. మేకప్ చేసే అమ్మాయి మంచిది. నా జుట్టుకు పొడవాటి సవరం కట్టి, మల్లెపూలు పెట్టి, మెడ కిందిదాకా తెల్లటి క్రీము పూసి, వంకాయరంగు పట్టుచీర కట్టింది. అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాను. కాటుక మరీ బాగుంది. ఎట్లా పెట్టావని అడిగి నేర్చుకున్నాను.

అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తోంది. డైరెక్టరు వచ్చి ఆమెను చూసి మేకప్ అమ్మాయితో అన్నాడు: "అమ్మగారికి ఒక స్టిక్కర్ పెట్టు. ఫ్రేములో నుదురు బోసిగా ఉంటే బాగుండదు. అమ్మా, తెర తీయగానే మీరు ఏడవాలి. ఇన్నాళ్ళకు మీ అమ్మాయిని ఆడపిల్లలా చూస్తున్నారు కదా."

ఆ అమ్మాయి స్టిక్కరు వేలికి అంటించుకుని వంగింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాయనా," అంది డైరెక్టరుతో, "మా ఆయన దినాల నాడు నలుగురు ఆడోళ్ళు చేరి నా బొట్టు తుడిసినారు, గాజులు పగలగొట్టినారు. ఒక్క పూటలో నన్ను ఇంగో మనిషిని చేసినారు. ఆపొద్దు తుడిసినోళ్ళూ నన్నడగల్యా, ఈపొద్దు పెడతామనేవోళ్ళూ నన్నడగల్యా. నా మొగం నాది కాదా?"

గొంతు పెంచలేదు. మేకప్ అమ్మాయి స్టిక్కరును మళ్ళీ అట్టకు అంటించేసింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె వంటింట్లోకి ఎందుకు పోయేదో అప్పుడు తెలిసింది. అలంకారం అంటే అయిష్టం కాదు. మనిషిని కూర్చోబెట్టి నలుగురు కలిసి మార్చేయడం ఎట్లా ఉంటుందో ఆమె ఒకసారి అనుభవించింది.

బొట్టు లేకుండానే ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు. తెర తీశారు. చూసేదానికని పిలిపించిన కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. స్టేజి మీద నా పక్కనే నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది. అందులో మాసిన చొక్కా, గ్రీజు బుగ్గలు, నేల చూపులు. చివర్లో ఆ బొమ్మను చింపడం ఆ కార్యక్రమంలో ఆనవాయితీ.

"పాత మనిషికి టాటా చెప్పేసి చింపేయండి!" అంది యాంకరమ్మ.

"చింపను."

ఆమె నవ్వింది. "ఎందుకండీ, సిగ్గా?"

"సిగ్గెందుకు? ఈ బొమ్మలో మనిషి పొద్దున్నే లేసి పనికి పోతాది. మా ఇల్లు నడిపేది ఈ మనిషే. ఈ చీర బాగుండాది, కట్టుకుంటా. దీనికోసరం ఈ మనిషిని ఎందుకు చింపల్ల?"

కెమెరా ఆపించారు. డైరెక్టరు స్టేజి మీదికి వచ్చి నచ్చజెప్పాడు. మళ్ళీ తీశారు, మళ్ళీ అదే జవాబు చెప్పాను. అతనికి విసుగొచ్చింది. "మీరు పక్కకు జరగండి, నేనే చింపుతాను" అని ఫ్లెక్సీ అంచు పట్టుకున్నాడు. అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఏమప్పా, నా బిడ్డ బొమ్మ చింపేదానికి నువ్వెవురు?"

మెట్లెక్కి వచ్చి రెండో అంచు పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. అతను వదిలేశాడు. ఇద్దరం కలిసి ఫ్లెక్సీని చాపలాగా చుట్టాం.

చీర వాళ్ళకు ఇచ్చేసి, సవరం తీసేసి, ఆ ఫ్లెక్సీ చుట్టను చంకన పెట్టుకుని సాయంత్రం బండెక్కాం. మొహానికి క్రీము అట్లాగే ఉంది. కల్లూరు స్టేషన్ దాటాక చెల్లెలు మా ఇద్దరివైపు తిరిగింది.

"నా మర్యాద తీసినారు ఇద్దరూ," అంది. "నిన్ను బాగా చూపించల్లనే కదక్కా పిలిపించింది."

"నేను బాగలేనని నీకెవురు చెప్పినారు?"

అది కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది గానీ, నన్ను తప్పుబట్టలేదు.

కార్యక్రమం టీవీలో రానే వచ్చింది. నేల చూస్తూ నడవడం, తెర, చప్పట్లు అన్నీ ఉన్నాయి. నా మాటలు లేవు. చివర్లో, మళ్ళీ అచ్చు వేయించిన నా ఫోటోను రెండు చేతులు నిలువునా చింపాయి. పొడవాటి గోళ్ళు, నిండా గాజులు. మరుసటి రోజు షెడ్డులో మా మేస్త్రీ నన్ను చూసి, "ఏం మా, ఆ చేతులు నీవి కావే!" అన్నాడు. ఆ తర్వాత టీవీలో చూశామని ఎవరు అన్నా నేను రెండు చేతులూ చాపి చూపించేదాన్ని. "చింపింది ఇవి కాదు" అని చెప్పేదాన్ని. గుత్తిలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేకుండా చేశాను.

కాటుక మాత్రం మానలేదు. చొక్కా, పొట్టి జుట్టు, కాటుకతోనే డ్యూటీకి పోయాను. అమ్మ ఒక శుక్రవారం తలస్నానం చేసి, నల్లటి చిన్న బొట్టు తనే పెట్టుకుంది. మా మేనత్త ఊరినుంచి వచ్చి నానా మాటలు అంది. "నీ కండ్లకు నొప్పిగా ఉంటే అట్ల తిరిగి కూర్చో వదినా," అంది అమ్మ, ఆమెకు కాఫీ ఇస్తూ. కొన్ని రోజులు పెట్టుకునేది, కొన్ని రోజులు పెట్టుకునేది కాదు. రెండూ ఆమె ఇష్టమే.

చెల్లెలు కొన్ని నెలలు నాతో ముభావంగా ఉండి, డిగ్రీ అయ్యాక బెంగళూరులో బ్యూటీషియన్ పని నేర్చుకుని వచ్చింది. ఇప్పుడు గుత్తి బజారులో దాని పార్లరు ఉంది. పోయినసారి నేను అక్కడ కూర్చుని ఉండగా ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "దీన్ని కొంచెం ఆడపిల్ల మాదిరి చెయ్యి మా" అంది. చెల్లెలు ఆ తల్లికి బయటి బల్ల చూపించి, ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, అద్దంలో దాని కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"నీకేం కావల్ల, చెప్పు."

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. చెల్లెలు దువ్వెన పక్కన పెట్టి కూర్చుంది.