గునపం విరిగిన చోట

మా కాలేజీలో నేను చెప్పే సబ్జెక్టులో లోహాల మీద ఒక అధ్యాయం ఉంది. దాన్ని వదిలేసినా పాసైపోవచ్చని పిల్లలు ఎప్పుడో కనిపెట్టారు. వాళ్ళ పరిశోధన మీద నాకు గౌరవమే. ఆ అధ్యాయం నాకు మాత్రం ఒక్కసారి పనికొచ్చింది. అదీ కొత్తపేట దగ్గర మా ఊరి కొలిమిలో.

మా అక్క భర్త కొబ్బరికాయలు వలుస్తాడు. నేలలో పాతిన గునపం మొన మీద కాయని గుచ్చి, రెండు మెలికల్లో పీచు డొక్క ఊడదీస్తాడు. ఆ గునపాలు పాత లారీ కమాను పట్టీలు కాల్చి మా కమ్మరి బాబాయిగారు చేసేవే. ఆ వానాకాలం తర్వాత ఆయన చేసినవి వరసగా మూడు విరిగాయి. మూడోది విరిగాక బావ ముక్కలు పట్టుకుని, నన్ను కూడా లాక్కుని కొలిమికి వెళ్ళాడు.

“ఏవండీ బాబాయిగారూ, గునపాలడిగితే జంతికలు చేసిచ్చేరేటండీ?”

ఆయన నవ్వలేదు. “కళ్ళు పోయేయండీ అల్లుడుగారూ. ఎరుపు తెలవట్లేదు. నెలాఖరుకి కొలిమి ఎత్తేస్తాను. మండపేట రైసుమిల్లులో కాపలా పనుందంట.”

నలభై ఏళ్ళుగా ఇనుము రంగు చూసి వేడి చెప్పిన మనిషి. బావ ముక్కలు నా చేతిలో పెట్టాడు.

నేను విరిగిన చోటు చూశాను. పంచదార పలుకుల్లా మెరుస్తోంది. మంచి ఉక్కు విరిగితే బూడిదరంగులో సన్నటి పలుకుతో ఉండాలి. అంటే ఇది మితిమీరి కాలింది, లోపలి గింజలు, అంటే స్ఫటికాలు, ఒకదాన్నొకటి మింగి బలిసి ఉక్కు పెళుసైంది. మిగతా రెండు ముక్కలూ అంతే. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కళ్ళు కనపడనివాడు ఒకసారి ఎక్కువ కాలిస్తే ఇంకోసారి తక్కువ కాలుస్తాడు. ఈయన తప్పంతా ఒకవైపే ఉంది.

తలెత్తి చూశాను. గాలివానకి తాటాకు కప్పు ఎగిరిపోతే, వెలుతురొస్తుందని ఆయన కొత్తగా తెల్ల ప్లాస్టిక్ రేకులు వేయించుకున్నారు. అంత వెలుగులో ఎర్రటి ఇనుము నల్లగానే కనిపిస్తుంది. ఇంకా కాలలేదనుకుని ఇంకాస్త ఊదుతారు.

“కళ్ళు కాదండీ బాబాయిగారూ, కప్పు.”

“పుస్తకంలో ఉందా బాబూ?”

“కప్పు గురించి లేదండీ.”

“అసలుది లేనప్పుడు ఇంకెందుకురా ఆ పుస్తకం?” అన్నాడు బావ.

రేకుల మీద కొబ్బరాకులు పరిచాం. కొలిమి మళ్ళీ చీకటైంది. విరిగిన మూడో గునపానికే బాబాయిగారు మళ్ళీ మొన సాగదీశారు.

బలిసిన గింజలు సన్నబడాలంటే కొత్తవి పుట్టాలి. ఉక్కు కరగకుండానే, ఒక వేడి దగ్గర తన లోపలి అమరిక మార్చుకుంటుంది. పాత గింజల సరిహద్దుల్లో కొత్త అమరికకి బీజాలు పడతాయి. మరీ చిన్నవి నిలవక పాతదాంట్లోనే కలిసిపోతాయి, ఒక పరిమాణం దాటినవే పెరుగుతాయి. ఎక్కువ చోట్ల పడితే ఒకదానికొకటి అడ్డొచ్చి అన్నీ సన్నగా ఉండిపోతాయి. అందుకే ఆ వేడి దాటీదాటగానే తీసి గాలికి చల్లార్చాలి, మూడుసార్లు అని బాబాయిగారికి చెప్పాను.

“ఆయ్. మా నాన్నగారు మూడుసార్లే చల్లార్చేవోరండీ. ఎందుకో చెప్పలేదు. నేనే తొందరపడి మానేసేను.”

సరైన వేడికొచ్చిన ఉక్కుని అయస్కాంతం లాగదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తీగకి కట్టి, ఆయనకి కనపడకుండా అవతలి వైపు నుంచి మాటిమాటికీ తాకించాను. లాగుతూనే ఉంది. ఆయన కళ్ళు చిట్లించి చూస్తున్నారు.

“ఇప్పుడు,” అన్నారు.

తాకించాను. లాగలేదు.

రెండోసారీ అంతే. మూడోసారి ఆయన “ఇప్పుడు” అన్న క్షణానే అయస్కాంతం కూడా వదిలింది. నేను చదివిన కాలేజీలో ఈ వేడి కొలవడానికి పెద్ద యంత్రం ఉండేది. అది తరచూ పాడయ్యేది.

నాలుగోసారి కాల్చి నూనెలో ముంచి, సన్నసెగ మీద మొన నీలం తిరిగేదాకా ఉంచి ఇచ్చారు.

మర్నాడు బావ కావాలనే గట్టి కాయలు ముందు ఏరుకున్నాడు. బాబాయిగారు పక్కనే నిలబడ్డారు, కూర్చోమంటే కూర్చోలేదు. మధ్యాహ్నానికి రాశి అయిపోయింది. మొన చెక్కు చెదరలేదు.

“ఇంకో రెండు చెయ్యండి బాబాయిగారూ,” అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ.

ఆయన మొనని బొటనవేలితో తడిమి, జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టారు. “మిల్లువాళ్ళకి రానని చెప్పండి బాబూ. మీరైతే ఇంగ్లీషులో చెప్తారు.”

తెలుగులోనే చెప్పాను. కాస్త గట్టిగా.