ఎండలో పెట్టిన గుడ్లు

కంచె మామకి డెబ్బై ఒక్క ఏళ్ళు. అందులో ఇరవై ఏడేళ్ళు తాబేలు గుడ్లకి కాపలా కాశాడు. అంతకు ముందు పదిహేనేళ్ళు అవే గుడ్లు దొంగిలించాడు. ఈ రెండో సంగతి ఆయన దాచుకునే రకం కాదు. "దొంగ చేతికే తాళాలిచ్చారు, అందుకే ఒక్క గుడ్డూ పోలేదు" అని తనే చెప్పి తనే నవ్వుతాడు.

మహాసముద్రం నడుమ వాళ్ళది చిన్న దీవి. ఈ కొసన పొయ్యి మీద నీళ్ళు పెట్టి బయల్దేరితే అవి మరిగేలోపు ఆ కొసకి చేరవచ్చు. ఎటు చూసినా నీళ్ళే. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక ఇనప చువ్వ పట్టుకుని తీరం మీద తిరిగేవాడు. ఇసుకలో గుచ్చి, పైకి తీసి, కొసకి సొన అంటిందంటే ఇక్కడ గూడుందని తవ్వేవాడు. ఆ పనిలో దీవి మొత్తానికి ఆయన్ని మించిన చెయ్యి లేదు. అలాంటి మనిషి ఒక ఏడు కాళ్ళరిగేలా తిరిగితే దొరికినవి మూడంటే మూడు గూళ్ళు. వాళ్ళ నాన్న ఒక్క పూటలో ముప్పై చూసిన తీరం అది. రెండు తవ్వాడు. మూడోదాని పక్కన కూలబడి ఏడ్చాడు. ఆ చువ్వనే మొదటి గుంజగా పాతి, చుట్టూ చిరిగిన వల కట్టాడు. కంచె మామ అనే పేరు అప్పుడొచ్చిందే.

పని చూస్తే ముచ్చటేసేది, అది మాత్రం ఒప్పుకోవాలి. తెల్లవారగానే బకెట్టు పట్టుకుని బయల్దేరేవాడు. అల తగిలే చోట తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతే, వాటిని తడి ఇసుకలో సర్ది కంచెలోకి తెచ్చేవాడు. ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉండాలి, దొర్లితే లోపలి పిల్ల చస్తుంది. మోచేతి లోతున, మూతి సన్నగా, పొట్ట వెడల్పుగా కుండలాంటి గొయ్యి చేత్తోనే తవ్వేవాడు. కంచె వేసింది తీరంలో ఎత్తుగా, బట్టబయలుగా ఉన్న చోట. అక్కడున్న చెట్లూ పొదలూ తనే నరికేశాడు. వేళ్ళు గుడ్లని చీలుస్తాయని, పొదల్లో పీతలు నక్కుతాయని. "పసిబిడ్డని ఎవరైనా చీకటి గదిలో పెడతారా? నాలుగు ఎండలు తగలాలి" అనేవాడు.

మిగతా దీవుల్లో పిల్లలు అరవై రోజులకి బయటికొస్తే, ఈయన దగ్గర నలభై ఏడో రోజుకే ఇసుక కదిలేది. అబ్బో, ఆ గర్వం అంతా ఇంతా కాదు! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషికి ఆ నలభై ఏడు దొరికితే ఇంకేం కావాలి?

పడవలో సగం రోజు దూరాన ఉన్న దీవిలో ఆయన చెల్లెలుంది. పెళ్ళై అక్కడికి వెళ్ళింది. అన్నను చూసి ఆవిడా కంచె కట్టింది, కానీ బాదం చెట్ల వరస కింద కట్టింది. పన్నెండేళ్ళ కిందట ఈయన వెళ్ళి చూసి మండిపడ్డాడు. దగ్గరుండి పదమూడు చెట్లు కొట్టించి మరీ తిరిగొచ్చాడు. పెద్దవాడి మాట కదా, ఆవిడ కాదనలేదు.

ఈ ఏడు గుడ్ల కాలంలో ఒక అమ్మాయి దీవికి వచ్చింది. సముద్రపు జీవాల గురించి చదువుకున్న పిల్ల. మెడలో టేపు, చేతిలో నోటుపుస్తకం, కనిపించిందల్లా కొలుస్తుంటే దీవివాళ్ళు కొలతలమ్మాయి అన్నారు. గుండీ అంతేసి బిళ్ళలు గూళ్ళలో పెట్టి, లోపలి వేడి అవే రాసుకుంటాయని చెప్పింది. మామ పొంగిపోయాడు. తన పని గురించి నలుగురికీ తెలుస్తుందనుకున్నాడు.

నలభై ఏడో రోజున పిల్లలు బిలబిలా నీళ్ళలోకి పోయాయి. అమ్మాయి బిళ్ళలు తీసి కంప్యూటర్లో చూసుకుంది. ఆ పూట భోజనానికి పిలిస్తే రాలేదు. మర్నాడూ ఎదురుపడకుండా తప్పించుకు తిరిగింది. చివరికి మామే వెళ్ళి ఆమె గది గడపలో కూర్చున్నాడు.

"ఏంటమ్మా, చావు కబురు తెచ్చినదానిలా ఉన్నావు?"

"మామయ్యా, మీ గూళ్ళలో వేడి ముప్పై రెండు డిగ్రీలకి తగ్గలేదు. తాబేలు ఆడదో మగదో ఇసుక వేడే తేలుస్తుంది. ఇరవై ఎనిమిది లోపు ఉంటే మగవి. ముప్పై ఒకటి దాటితే అన్నీ ఆడవే."

మామ పకపకా నవ్వాడు. "ఇంతేనా? ఇంటినిండా ఆడపిల్లలుంటే కళ కదా! అందరూ గుడ్లు పెడతారు."

"మగది లేకుండా గుడ్లు పెడితే అందులోంచి ఏమొస్తుంది మామయ్యా?"

మామ నవ్వు ఆగింది. బయట గట్టు మీద ఎవరో వల ఉతుకుతుంటే అటు తిరిగి కూర్చున్నాడు.

"ఈ ఏడు మాత్రమేనా?" అని అడిగాడు.

"చెట్లు కొట్టేసినప్పటి నుంచీ ఇలాగే ఉండుంటుంది. మీకు నలభై ఏడు రోజులు పట్టేది అందుకే. వేడికి తొందరగా ఎదుగుతాయి. కానీ మీరు కాపాడకపోతే అసలు ఒక్కటీ..."

"ఓదార్చకమ్మా" అన్నాడు మామ. "ఓదార్చకు."

రెండు రోజులు మనిషి మంచం దిగలేదు. గుడ్లు దొంగిలించిన పదిహేనేళ్ళు ఆయన్ని ఎప్పుడూ ఇంత బాధపెట్టలేదు. అప్పుడు తప్పని తెలిసే చేశాడు. ఇది ప్రేమగా, ఒళ్ళు దాచుకోకుండా, ఇరవై ఏడేళ్ళు చేశాడు. ఏ ఏటికా ఏడు ఎన్ని పిల్లల్ని నీళ్ళలోకి వదిలాడో పడుకునే లెక్కపెట్టుకున్నాడు. మూడో రోజు లేచి, ఎండుటాకుల తడికెలు అల్లి మిగిలిన గూళ్ళ మీద పందిరి వేశాడు. అది చూసి ఒక పడవవాడు "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావా మామా?" అన్నాడు. వాడికి విషయం తెలియదు, ఊరికే అన్నాడు. మామ తల వంచుకుని తాళ్ళు బిగించుకున్నాడు.

పందిరి పూర్తయ్యాక చెల్లెలి దీవికి వెళ్తానన్నాడు.

"ఫోన్లో చెప్తే పోలా? ఈ వయసులో సగం రోజు పడవ ప్రయాణమా?" అంది భార్య.

"చెట్లు కొట్టించడానికి స్వయంగా వెళ్ళాను కదా" అన్నాడు.

పడవ దిగేసరికి చెల్లెలు కంచె దగ్గరే ఉంది. అన్నగారిని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆయన కుశలం అడగలేదు, నీళ్ళు కూడా తాగలేదు. ఎండలో నిలబడి, అమ్మాయి చెప్పిందంతా ఒక్కటీ మిగల్చకుండా చెప్పాడు.

"నాది తప్పమ్మా. నీ చేత కూడా చేయించాను."

ఆవిడ తిరిగి కంచె వైపు చూసింది.

"ఆ రోజు నేను అడిగాను, గుర్తుందా? చల్లగా ఉంటుందనే తల్లులు పొదల కిందికి పాకొచ్చి పెడుతున్నాయి కదా అన్నయ్యా, వాటికి తెలియదా అన్నాను. తాబేళ్ళ సంగతి నాకు చెప్పొచ్చావా అన్నావు, అందరి ముందూ. మా ఆయన నవ్వాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు."

"గుర్తుంది."

"పన్నెండేళ్ళు! నీ మాట మీద పన్నెండేళ్ళు ఈ పిల్లల్ని ఎండలో ఉడకబెట్టాను."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెల్లెలు చూసింది గానీ దగ్గరికి రాలేదు. కోపం తీరలేదు, తీరుతుందని ఆయనా అనుకోలేదు. ఇంట్లోకి వెళ్ళి, పెరట్లో వాటంతటవే మొలిచిన బాదం మొక్కల్ని వేళ్ళతో సహా పెకలించి తట్టలో తెచ్చి ఆయన ముందు దించింది. పక్కనే గునపం పడేసింది.

"వీటికి నీడ రావాలంటే ఎన్నేళ్ళు పడుతుంది?"

"ఎనిమిదేళ్ళు. మట్టి మంచిదైతే ఏడు."

"నీకెన్నేళ్ళు?"

"డెబ్బై ఒకటి."

"అయితే తొందరగా తవ్వు" అంది చెల్లెలు.