అన్న వచ్చేదాకా కదలనన్న సమ్మయ్య

2023 ఎన్నికల ప్రచారం ముగియవస్తోంది. మహబూబాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను స్టాఫ్ నర్సును. మా దగ్గర పోటీపడ్డ ఇద్దరు నాయకులకూ చెరో పేపర్ వత్తాసు. "దమ్ముంటే చౌరస్తాకు రా, తేల్చుకుందాం" అని ఒకాయన ఒక పేపర్లో సవాలు విసిరాడు. "వస్తున్నా" అని రెండో ఆయన రెండో పేపర్లో జవాబిచ్చాడు. చివరికి ఇద్దరూ రాలేదు. వాళ్ల మనుషులొచ్చారు. రాళ్లు లేచాయి.

గంగారం వైపు రైతు సమ్మయ్యను ఆ మధ్యాహ్నం తీసుకొచ్చారు. చెవి పైన దెబ్బ. నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మాకు భయం అక్కడే. తల లోపల రక్తం చేరుతున్నా కాసేపు మనిషి బాగానే కనిపిస్తాడు. లూసిడ్ ఇంటర్వల్ అంటారు. స్కాన్‌కు వెంటనే వరంగల్ వెళ్లమన్నారు డాక్టరు. అంబులెన్స్ సిద్ధంగా ఉంది.

"నేను రాను సిస్టరమ్మ. అన్న వస్తుండు, పేపరోళ్లు ఫొటో తీస్తరట. మంచం ఖాళీగుంటే అన్న ఇజ్జత్ పోదా?" అన్న అంటే పేపర్లో సవాలు విసిరిన నాయకుడు.

మాటిమాటికీ టార్చి వేసి కంటిపాపలు చూస్తున్నాను. ఒకటి పెద్దదైతే లోపలి రక్తం మెదడును నొక్కుతున్నట్టు. రెండూ సమానంగా ఉన్నాయంటే ఆ కాస్సేపటికి ఊపిరి. అతని భార్య సరోజన ఆ నాయకుడి మనిషికి ఫోన్ చేసింది. "కెమెరా వస్తున్నది, పేషెంట్‌ను జరుపకుర్రి" అన్నాడతను. ఇంతలో సమ్మయ్య వాంతి చేసుకున్నాడు.

సరోజన పక్కగదికి పరుగెత్తింది. అక్కడ చేతికి కుట్లు వేయించుకుంటున్నది ఆమె తమ్ముడు కొమురయ్య, అవతలి నాయకుడి మనిషి.

అతనొచ్చి సమ్మయ్య కాళ్లు పట్టుకున్నాడు. "రాళ్లేసిన గుంపుల నేనున్న బావా. మీ అన్ననే గెలిచిండనుకో. అక్కను జూడు. పా, బండెక్కు."

"నీ నోటితోని... అంటివి గదరా" అని సమ్మయ్య నవ్వబోయాడు. మాట ముద్దగా వచ్చింది. టార్చి వేశాను. కుడి కంటిపాప పెద్దదైంది. డాక్టరు కోసం అరిచాను. కట్టు కట్టిన చేత్తోనే కొమురయ్య స్ట్రెచర్ నెట్టాడు.

వరంగల్‌లో ఆపరేషన్ జరిగింది. బతికాడు. ఒక పేపర్ హత్యాయత్నమని రాసింది, రెండోది తాగి పడ్డాడని రాసింది.

కొన్ని నెలల తర్వాత భార్యాభర్తలు మా దగ్గరికి వచ్చారు. "మీ అన్న చూడనీకె వచ్చిండా?" అని అడిగాను.

"పెద్దమనిషికి పనులుంటయి గద సిస్టరమ్మ" అన్నాడు సమ్మయ్య. సరోజన ముఖం తిప్పుకుంది.

తల దెబ్బతో వచ్చి కదలనన్నవాళ్లను ఇప్పుడు ముందే అడుగుతాను, ఎవరికోసం ఆగుతున్నారని. ఆ తర్వాత ఇంట్లో వాళ్లలో ఎవరి మాట వింటారో కనుక్కుని వాళ్లను పిలిపిస్తాను. ఏ జెండా పట్టినవాళ్లయినా సరే.