అవ్వ చాటల పోసిన బియ్యం

మా నాయనమ్మను ఇంట్ల అందరం అవ్వ అంటం. నిజాం ఆఖరి రోజుల్ల ఊరి మీద పడ్డ తుపాకులోళ్లు ఆమె అన్నను కొట్టుకుంట తీస్కపోయిండ్రట. మల్ల రాలే. పీనుగ గూడ దొరకలే. పెత్రమాస నాడు సచ్చిపోయినోళ్లందరి పేరు మీద అయ్యగారికి బియ్యమిస్తది గని, అన్న పేరు మీద మాత్రం ఇయ్యది.

"సచ్చిండని ఎవడు సూసిండే? బతికున్నోని పేరు మీద ఇస్తె పాపం గాదా?" అని మా మీదికే లేస్తది.

"ఉంటే నూరేండ్లు దాటుతుండె గదనే!" అని నేను గూడ గయ్యిమంట.

మొన్న పెత్రమాసకు ముందు ఎల్లారెడ్డిల ఆ కాలం మీద తీసిన డాక్యుమెంటరీ ఏసిండ్రు. నేనే అవ్వను ఆటోల తీస్కపోయిన. బడి పుస్తకంల ఆ కాలం పాఠం నేను పరీక్ష కోసం సదివిన, అంతే. తెర మీద ముందుగాల కాలిన ఇండ్లు సూపిచ్చిండ్రు. తర్వాత నలుపు తెలుపుల, చెరువు కట్ట కింద వరుసగ పండవెట్టిన పీనుగులు. చివరోణ్ణి సూసి అవ్వ దిగ్గున లేచింది.

"అన్నా! ఓ అన్నా! గీడ పండుకున్నవా!" అని రొమ్ము గుద్దుకున్నది. నేను గూడ నమ్మిన. ఆమెను పట్టుకొని బోరున ఏడ్సిన.

పెత్రమాస పొద్దుగాల అవ్వ తానం చేసి, చాటల బియ్యం పోసి, సోరకాయ, చింతపండు పెట్టింది. "ఇగ నా కండ్లతోని సూసిన గదా, ఇస్త" అన్నది. మొఖం తేటగ ఉండె. ఆమెనట్ల నేనెన్నడు సూడలే.

అయ్యగారి కోసం సూస్తుంటే, సినిమ తీసినాయన కామారెడ్డి నుంచి వచ్చిండు. అవ్వ ఏడ్సిన సంగతి ఎవరో చెప్పిండ్రట, ఆమె మాటలు రికార్డు చేసుకుంటడట.

"గా పీనుగులు అసలువి కావవ్వా, పోచారం కాడ మేమే తీసినం. గా చివరాయన బీబీపేట కూలాయన. మస్తు చేసిండు!" అన్నడు సంబురంగ.

"గా ముక్క తెర మీద రాస్తె మీ సొమ్మేం పోయిందయ్యా?" అని లేచిన నేను. అవ్వ నన్ను ఆపింది.

"గాయిన బతికే ఉన్నడా?"

"ఆఁ, మంచిగున్నడవ్వా."

"సల్లగుండని." చాట దగ్గరికి గుంజుకున్నది. "మరి మా అన్నేడి బిడ్డా?"

ఆయన కెమెరా సంచిల పెట్టుకున్నడు. అవ్వ చాటల బియ్యం మల్ల కుండల ఒంపింది.