మాబు రాలేదని చెప్పాను

ఒక అబద్ధాన్ని చాలా ఏండ్లుగా మోస్తున్నాను. కట్టుకున్నవానికి చెప్పలేదు, ప్రార్థనలో కూడా పైకి అనలేదు. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక, చర్చి వరండాలో సాయంత్రం బడిలో. రాయడం వచ్చాక మొదట రాయాల్సింది ఇదేనని తెలుసు. అయినా వాయిదా వేస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది రుద్రవరం దగ్గర పల్లె. మాబు మా పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబు కూతురు. పుట్టినప్పుడే తల్లి పోయింది. అప్పటికి నేను చంటిబిడ్డను. మా అమ్మ ఇద్దరికీ పాలిచ్చి సాకింది. ఒక తల్లి పాలు తాగితే తమ లెక్కలో తోడబుట్టినట్లేనని సాయిబు అందరికీ చెప్పేవాడు.

"నీ పాలు సగం నేనే తాగినా. అందుకే ఇంత బక్కగా ఉండావ్ మే" అని మాబు ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని. ఆ సగం అనే మాట లోపల గుచ్చుకునేదా? గుచ్చుకునేదేమో. అమ్మ తల దువ్వితే ఇద్దరికీ దువ్వేది, రవికె గుడ్డ తెస్తే ఇద్దరికీ తెచ్చేది. మాబు అంటే నాకు ప్రాణమే. అయినా ఒక్క పూటైనా అమ్మ నాకొక్కదానికే కావాలని ఉండేది.

అమ్మకు జబ్బు ముదిరితే నంద్యాలలో ఆసుపత్రిలో చేర్చాము. మాబు అప్పటికి ఆళ్లగడ్డలో కాపురం ఉంది. కబురు విని, రాగి జావ కాచుకొని బస్సెక్కి వచ్చింది. తలుపు దగ్గర నర్సమ్మ ఆపింది.

"రక్తసంబంధీకులకే లోపలికి."

"అంటే ఏందమ్మా?" అని అడిగింది మాబు.

"కన్నబిడ్డలు, తోడబుట్టినోళ్లు. ఈమె మీకేమైతుంది?" అని నర్సమ్మ నన్నడిగింది.

చెల్లెలని అంటే సరిపోయేది. పక్కింటామె అన్నాను.

మాబు నా మొగం చూసింది. కోపం లేదు. "నిజమే కదా. ఆసుపత్రిలో అబద్ధం చెప్తే ఎట్ల" అని జావ క్యాను నా చేతిలో పెట్టి, బయట బల్ల మీద కూర్చుంది.

అమ్మకు జావ పట్టాను. ఒక గుటక మింగి కళ్లు తెరిచింది.

"మాబు చేసినట్లుండాది. వచ్చినాదా?"

"రాలేదు మా. హోటల్లో తెచ్చినా."

అమ్మ ఇంకో గుటక మింగింది. తర్వాత, "దానికి ఇంట్లో ఏం ఇబ్బందో. దాన్ని ఏమనొద్దు మే" అంది. మళ్లీ నోరు తెరవలేదు. ఆ తెల్లవారుజామున పోయింది.

ఎందుకు అన్నాను? ఆ చివరి పూట అమ్మ నా చేతి జావ తాగుతోందని అనుకోవాలనా? అంతకంటే మంచి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మొన్న బడిలో ఒత్తులు నేర్పుతూ సారు రక్తసంబంధీకులు అని బోర్డు మీద రాశారు. ఒకే వంశంలో పుట్టినవాళ్లని అర్థం చెప్పారు. ఒక తల్లి పాలు తాగినోళ్లు రారా సార్ అని అడిగాను. పుస్తకం ప్రకారం రారమ్మా అన్నారు. నా గుండె తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసింది. నర్సమ్మకు నేను చెప్పింది తప్పు కాదని పుస్తకం ఒప్పుకుంది, సరే. కానీ అమ్మ నన్ను ఏ మాటకూ అర్థం అడగలేదే. మాబు వచ్చిందా అని కదా అడిగింది.

మాబు ఇప్పటికీ నా మోకాళ్లకు నూనె కాచి తెస్తుంది. రుద్దుతూ రుద్దుతూ అప్పుడప్పుడు అడుగుతుంది, "ఆ పొద్దు అమ్మ నన్ను అడిగినాదా మే?" అని. అమ్మకు అప్పటికే స్మారకం లేదు అంటాను. తల ఊపి, మళ్లీ రుద్దుతుంది.

ఆమెకు చదువు రాదు. దీన్ని చదివి వినిపించే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో కూడా చెప్పలేను. అయినా కాగితం మీద ఒక్కసారైనా జవాబు చెప్పాలి.

అడిగింది మాబూ. ఒక్క గుటకకే నీ చెయ్యి గుర్తుపట్టింది. నువ్వు తలుపవతలే ఉన్నావు. రాలేదని చెప్పింది నేను.